మొదటిసారి ఇంట్లో ఆర్కేడ్ పెట్టె కడదామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?

తెనాలి_తమ్ముడు | 2 జూన్

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. మా స్కూలు వెనక సందులో ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. మూడు పెట్టెలు, ఒక టేబుల్ ఫ్యాను, ఎప్పుడూ కునికిపాట్లు పడే ఓనరు. ట్యూషన్ ఫీజులో కొట్టేసిన రూపాయలన్నీ అక్కడే పోశాను. ఇప్పుడు కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. హాల్లో ఒక మూల ఖాళీగా ఉంది. అలాంటి పెట్టె ఒకటి సొంతంగా కట్టాలని కోరిక. నిలబడి ఆడేది, ఇద్దరికి సరిపోయేది. స్ట్రీట్ ఫైటర్ 2, ముస్తఫా, ప్యాక్‌మ్యాన్ ఉంటే చాలు.

వడ్రంగం రాదు. నేను గోడకు మేకు కొడితే మేకే వంగుతుంది. సాల్డరింగ్ ఐరన్ కాలేజీలో ఒకసారి పట్టుకున్నా. బడ్జెట్ 25 వేలు, ఖాళీ ఆదివారాలే. ఆన్‌లైన్‌లో కొలతల డ్రాయింగ్ ఒకటి దొరికింది. 18 ఎంఎం ప్లైవుడ్ రెండు షీట్లు రేపు తెచ్చేద్దామా?

ప్లైవుడ్_పంతులు | 2 జూన్

ఆగు తమ్ముడూ. రేపు కాదు కదా, ఈ నెలలోనే షీట్లు కొనకు. ముందు మానిటర్ కొను. పెట్టె వెడల్పు తేల్చేది అదే. నీకు దొరికిన డ్రాయింగ్ పాత పిక్చర్ ట్యూబు కోసం గీసినదై ఉంటుంది. ట్యూబుకు వెనక తోక ఉంటుంది కాబట్టి పెట్టె అంత లోతు. ఎల్‌సీడీ పెట్టుకునేవాడికి ఆ లోతంతా దండగ, హాల్లో బీరువాలా కూర్చుంటుంది.

ఇంకోటి, మీ గుమ్మం, లిఫ్టు, మెట్ల మలుపు కొలిచావా? నవ్వకు. మా కలప డిపోలో చేయించుకున్న డ్రెస్సింగ్ టేబుల్ ఇంట్లోకి పట్టక వరండాలోనే ఉండిపోయిన కస్టమర్ ఉన్నాడు.

ముస్తఫా_మామ | 2 జూన్

నా పేరు చూసి అర్థమయ్యే ఉంటుంది. దాని అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని నాకు ఇంజినీరింగ్‌లో గానీ తెలియలేదు. క్యాప్‌కామ్ వాళ్ళది, 1993. నలుగురు హీరోల్లో టోపీ పెట్టుకున్నవాడి పేరు ముస్తఫా, మనవాళ్ళకు ఆ ఒక్క పేరే నోరు తిరిగింది. ఒక్క మాట: అది ముగ్గురు ఆడే గేమ్. ఇద్దరికే కడితే మూడోవాడు బిస్కెట్లు తింటూ నిలబడాలా?

తెనాలి_తమ్ముడు | 3 జూన్

మామా, ముగ్గురంటే పెట్టె సోఫా అంత అవుతుంది. ఇద్దరే.

పంతులుగారూ, గుమ్మం 33 అంగుళాలు, లిఫ్టు తలుపు 31. షీట్లు కొనడం ఆపాను. నిజం చెప్పాలంటే, ఆపిన పది నిమిషాలకే ఒక బరువు దిగినట్టయింది.

విశాఖ_అల | 3 జూన్

నేను పిల్లల కోసం టేబుల్ మీద పెట్టుకునే చిన్నది కట్టాను, పోయిన వేసవిలో. చెక్క ముట్టుకోకముందు వాషింగ్ మెషిన్ వచ్చిన అట్టపెట్టెతో నమూనా చేశా. బటన్లు ఇంకా రాలేదు కాబట్టి వాటి చోట పది రూపాయల బిళ్ళలు అంటించా. బిళ్ళ 27 ఎంఎం, బటన్ రంధ్రం 28 లేదా 30, దాదాపు అంతే. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టండి, వేళ్ళు ఎక్కడ పడితే అక్కడికి బిళ్ళల్ని జరపండి. నేను స్కేలు పెట్టి గీసిన వరస ఎంత అందంగా ఉందో, ఆడటానికి అంత దరిద్రంగా ఉంది. నడిమి వేలు పొడుగు కదా, రెండో బటన్ కొంచెం పైకి ఉండాలి. చిటికెన వేలికి వచ్చేసరికి మళ్ళీ కిందికి దిగాలి.

నిలబడి ఆడేదైతే కంట్రోల్ ప్యానెల్ నేల నుంచి 36, 38 అంగుళాల మధ్య ఉంచుతారు. మీ వంటగట్టు ముందు నిలబడి చేతులు పెట్టి చూడండి, మీ లెక్క మీకే తెలుస్తుంది. జాయ్‌స్టిక్ పక్కన మణికట్టు ఆనించే చోటు మర్చిపోవద్దు. నేను మర్చిపోయా.

కోఠి_కేబుల్ | 4 జూన్

మానిటర్ సంగతి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పాత 19 అంగుళాల చదరపు ఎల్‌సీడీలు దొరుకుతాయి. వాటిని అందరూ 4:3 అంటారు గానీ, 1280 బై 1024 అంటే 5:4. పాత గేములు 4:3 కాబట్టి పైనా కిందా సన్నటి నల్లపట్టీలు వస్తాయి, పర్లేదు. కొనేముందు షాపులోనే రెండు విషయాలు చూడు. వెనక వెసా రంధ్రాలు (మానిటర్‌ను చెక్కకు బిగించేవి) ఉన్నాయా, నాలుగు, 100 ఎంఎం దూరంలో. రెండోది ఎవరూ చెప్పనిది: ఆన్‌లో ఉన్న మానిటర్ ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టు. దానంతట అది వెలిగితే తీసుకో. బటన్ నొక్కితేగానీ వెలగనిది కొన్నావా, పెట్టె మూసేశాక ప్రతిసారీ వెనక్కి చెయ్యి దూర్చాలి.

బుర్రగా రాస్ప్‌బెరీ పై 4 అనే చిన్న బోర్డు కంప్యూటర్ చాలు. పాత ఐ3 డెస్క్‌టాప్ మూలన పడి ఉంటే దాంట్లో బాటోసెరా (పాత గేములు నడిపే ఉచిత సిస్టమ్) వేసుకో, పైసా ఖర్చు లేదు. కంప్యూటర్ ఉన్నవాడు పై కొనడం నా దృష్టిలో షోకు.

డల్లాస్_డాబా | 4 జూన్

ఇదంతా దేనికి బ్రో, ఆర్కేడ్1అప్ కంపెనీ వాళ్ళ రెడీమేడ్ పెట్టెలు ఇక్కడ అమెరికాలో 2018 నుంచి దొరుకుతున్నాయి. ముప్పావు సైజు. విడి పలకలు వస్తాయి, ఒక సాయంత్రంలో బిగించుకోవడమే. ఎవరైనా వచ్చేటప్పుడు...

ప్లైవుడ్_పంతులు | 4 జూన్

ఎవరైనా వచ్చేటప్పుడు 30 కిలోల పెట్టె సూట్‌కేసులో తెస్తారా నాయనా?

డల్లాస్_డాబా | 4 జూన్

సారీ గురువుగారూ. మా వాళ్ళు చింతకాయ పచ్చడి పంపిస్తారు కదా, ఆ ఊపులో అన్నాను.

తెనాలి_తమ్ముడు | 16 జూన్

అట్టపెట్టె ప్రయోగం అయింది. ఫ్రిజ్ పెట్టె అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర దొరికింది. పదకొండు రోజులుగా హాల్లో అట్ట ఆర్కేడ్ నిలబడి ఉంది. మా ఆవిడ "ఇలాగే ఉంచేయండి, తేలిగ్గా ఉంది, తుడవడానికి జరపచ్చు" అంటోంది. తేలిందేమిటంటే, ఇద్దరు పక్కపక్కన నిలబడితే 24 అంగుళాల వెడల్పులో మోచేతులు పొడుచుకుంటున్నాయి. 27 చేశా. మానిటర్ నిటారుగా ఉంటే ట్యూబులైట్ తెర మీద మెరుస్తోంది, కాస్త వెనక్కి వాల్చాక పోయింది. మానిటర్ 1,800కి వచ్చింది, కేబుల్ అన్న చెప్పినట్టు ప్లగ్గు పరీక్ష చేశాకే కొన్నా. షాపువాడు నన్ను వింతగా చూశాడు.

ఇప్పుడు చెక్క. ఎమ్‌డీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసే పలక) బాగా నునుపుగా ఉంటుందంటున్నారు. ప్లైవుడ్ కన్నా చవక కూడా.

ప్లైవుడ్_పంతులు | 16 జూన్

ఎమ్‌డీఎఫ్ నునుపే. కోసినచోట పొరలు రేగవు, రంగు వేస్తే అద్దంలా ఉంటుంది. కానీ 8 బై 4 షీటు 18 ఎంఎంది దగ్గరదగ్గర 40 కిలోలు. నువ్వు ఫ్లాట్‌లో ఉంటావు, ఇల్లు తుడిచే తడిబట్ట రోజూ అడుగు అంచుకు తగులుతుంది. నీళ్ళు పీల్చిందంటే పూరీలా పొంగుతుంది, మళ్ళీ అణగదు. అంచులోకి స్క్రూ వేస్తే, ముందుగా సన్న రంధ్రం చేయకపోతే, రెండుగా చీలుతుంది. ప్లైవుడ్ తీసుకో. పక్క పలకలకు 18, కంట్రోల్ ప్యానెల్‌కు 12. అడుగున ఎలాగూ చక్రాలో రబ్బరు కాళ్ళో పెట్టు, చెక్క నేలను ముట్టుకోకూడదు.

ఒకే పెట్టెగా కట్టకు. నడుము దగ్గర విడగొట్టి, పైది వేరు, కిందిది వేరుగా చేసి నాలుగు బోల్టులతో కలుపు. ఇల్లు మారే రోజు నన్ను తలుచుకుంటావు.

డల్లాస్_డాబా | 17 జూన్

ఇక్కడ అంచులకు టీ మోల్డింగ్ అని ప్లాస్టిక్ పట్టీ వాడతారు. అంచు మధ్యలో రౌటర్ అనే చెక్క చెక్కే మిషన్‌తో గాడి తీసి దూర్చేస్తారు. అసలు ఆర్కేడ్ పెట్టెల లుక్ దాంతోనే వస్తుంది.

ప్లైవుడ్_పంతులు | 17 జూన్

బాగుంటుంది, కాదనను. కానీ మన దగ్గర ఏ వడ్రంగిని అడిగినా ఎడ్జ్‌బ్యాండ్ టేపు వేస్తాడు. మాడ్యులర్ కిచెన్‌లకు వేసేదే. అది చాలు.

తెనాలి_తమ్ముడు | 30 జూన్

చెక్క కోయించా. ప్లైవుడ్ షాపులోనే రంపం మిషన్ మీద తిన్నటి కోతలు వేసి ఇచ్చారు. పక్క పలకల వంపు మాత్రం జిగ్‌సాతో నేనే కోశా, రెండు పలకలూ ఒకదానిమీద ఒకటి క్లాంపు చేసి. అందువల్ల వంపు వంకర పోయినా రెండువైపులా ఒకేలా వంకర పోయింది.

ఇక నా ఘనకార్యం వినండి. కంట్రోల్ ప్యానెల్‌కు మైకా అంటించి, ఒక రోజంతా బరువు పెట్టి ఆరనిచ్చి, మైకా పగలకూడదని ప్యానెల్‌ను బోర్లించి, అట్ట నమూనాను వెనకవైపు పరిచి గుర్తులు పెట్టా. హోల్ సాతో పదహారు రంధ్రాలు, ఒక్కటి కూడా అంచు ఎగరలేదు, ఎంత మురిసిపోయానో. తిప్పి చూస్తే జాయ్‌స్టిక్ కుడివైపుకి వచ్చింది, బటన్లు ఎడమవైపుకి. అద్దంలో చూసినట్టుంది. అరగంట సేపు దాని ఎదురుగా కూర్చున్నా.

విశాఖ_అల | 30 జూన్

అయ్యో! కొత్త ప్లై కొనకండి. రంధ్రాలు ఆరపారగా ఉన్నాయి కదా, ప్యానెల్‌ను తిరగేయండి. గరుకువైపు పైకి వస్తుంది, దానిమీద కొత్త మైకా ముక్క అంటించండి. మొదటి మైకా లోపలికి పోతుంది, ఎవరికీ కనపడదు. ఈసారి పైనుంచి మాస్కింగ్ టేపు వేసి, ఉన్న రంధ్రాల వెంటే మైకా కోయండి.

ప్లైవుడ్_పంతులు | 30 జూన్

అమ్మాయి చెప్పింది సరైన మాట. పైగా రెండువైపులా మైకా ఉంటే పలక వంగదు. తెలిసి చేసినా అలాగే చేయాలి. అనుకోకుండా నువ్వు మంచి పని చేశావు.

తెనాలి_తమ్ముడు | 14 జూలై

వైరింగ్ మొదలైంది. బుర్రగా ప్రస్తుతానికి పై 4 పెట్టా. బటన్ల నొక్కుళ్ళను దానికి చేరవేసే జీరో డిలే యూఎస్‌బీ బోర్డులు రెండు, ఒక్కో ఆటగాడికి ఒకటి. వైర్లు రెడీగా వచ్చాయి, సాల్డరింగ్ అవసరమే పడలేదు, బటన్ కాళ్ళకు గుచ్చడమే. స్క్రూ టైపు బటన్లు తీసుకున్నా, స్నాప్ టైపువి పలుచటి రేకుకే పనికొస్తాయని ఇక్కడే చదివా. మొదట కలిపిన వైర్లతో ప్యాక్‌మ్యాన్ పెట్టా. పైకి తోస్తే కిందికి పోతోంది, కుడికి తోస్తే ఎడమకు. "పైన" అని రాసున్న వైరును నేను పైవైపు స్విచ్‌కే పెట్టాను, ఒట్టు. బోర్డు పోయిందా? చాలా టెన్షన్‌గా ఉంది.

సాల్డర్_పొగ | 14 జూలై

బోర్డు బంగారంలా ఉంది. జాయ్‌స్టిక్‌ను కింద నుంచి చూస్తూ గుండు మెల్లగా తిప్పు. కర్ర మధ్యలో ఇరుసు ఉంటుంది, ఏతం లాగా. పైన గుండు కుడికి వెళ్తే కింద తోక ఎడమకు వెళ్తుంది. అంటే కుడి అనే ఆజ్ఞ ఇచ్చేది ఎడమవైపున్న మైక్రోస్విచ్. చెవి దగ్గర పెట్టి విను, టిక్కుమనేది ఏదో తెలుస్తుంది. నాలుగు వైర్లూ ఎదురుబొదురు మార్చెయ్.

పనిలో పనిగా, ఆ జాయ్‌స్టిక్ అడుగున ఒక ప్లాస్టిక్ పలక ఉంటుంది, గేట్ అంటారు. అది ఎనిమిది దిక్కులకు పెట్టి ఉంటుంది. ప్యాక్‌మ్యాన్ 1980 నాటిది, దానికి నాలుగు దిక్కులే తెలుసు. మూలకు తోస్తే బొమ్మ సందు దగ్గర ఆగిపోయి దెయ్యానికి దొరుకుతుంది. గేట్ తిప్పితే నాలుగుకు మారుతుంది. అలాగని నాలుగుకే వదిలేస్తే స్ట్రీట్ ఫైటర్‌లో హడోకెన్ దెబ్బ రాదు, దానికి మూలలు కావాలి.

ముస్తఫా_మామ | 14 జూలై

ఎనిమిదికే ఉంచు. దెయ్యానికి దొరకడం మనకు అలవాటే.

తెనాలి_తమ్ముడు | 21 జూలై

దిక్కులు సరిపోయాయి. ఇప్పుడు మూడు పేచీలు. ఒకటి, తెర మూలన పసుపు మెరుపు గుర్తు వచ్చి పోతోంది. రెండు, ఒక్కోసారి ఆన్ చేస్తే మొదటి ఆటగాడు రెండోవాడైపోతున్నాడు. మూడు, స్ట్రీట్ ఫైటర్‌లో ఆఖరి కౌంట్‌డౌన్ నడుస్తుంటే మా బావమరిది కంగారులో కాయిన్, స్టార్ట్ బటన్లు రెండూ కలిపి కొడతాడు. గేమే మూసుకుపోయి మెనూ వచ్చేస్తోంది.

సాల్డర్_పొగ | 21 జూలై

ఒకటి: ఫోన్ ఛార్జర్ పెట్టావు కదూ? పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అసలు అడాప్టర్ కావాలి. ఆ మెరుపు "ఆకలేస్తోంది" అని.

రెండు: నీ బోర్డులు రెండూ కవలలు. సిస్టమ్‌కు రెండింటి పేరూ ఒక్కటే, ముందు ఎవరు పలికితే వాడే ఒకటో నంబరు. యూఎస్‌బీ పోర్టును బట్టి గుర్తుపట్టేలా రూల్ రాయొచ్చు, లేదా ఇద్దరికీ కలిపి ఒకే బోర్డు కొనుక్కోవచ్చు. ఐప్యాక్ 2 అలాంటిదే, కీబోర్డులా పలుకుతుంది, గొడవే ఉండదు. ఖరీదు ఎక్కువ.

మూడు: రెట్రోపైలో (పై మీద గేములు నడిపే సాఫ్ట్‌వేర్) కాయిన్ అంటే సెలెక్ట్ బటన్. సెలెక్ట్, స్టార్ట్ కలిపితే గేమ్ మూసేయాలని దానికి ముందే చెప్పి ఉంటుంది. హాట్‌కీగా (స్టార్ట్‌తో కలిపి నొక్కేదిగా) వేరే బటన్ పెట్టు, పెట్టె పక్కన, చిన్నది, బావమరిదికి కనపడకుండా.

కోఠి_కేబుల్ | 21 జూలై

నాలుగోది నేను చెప్తా, అడగకపోయినా. మెనూలోంచి షట్‌డౌన్ చేయకుండా గోడ స్విచ్ ఆపేస్తుంటే ఏదో ఒక రోజు మెమరీ కార్డు పాడవుతుంది. కార్డు మొత్తాన్ని ఇప్పుడే కాపీ తీసి పెట్టుకో. పెట్టెలోకి వచ్చే మెయిన్ వైరు మూడు పిన్నులదే వాడు, ఎర్త్‌తో, ఫ్యూజున్న సాకెట్‌తో. లోపల ఏదీ వేలాడకూడదు.

కొత్తసభ్యుడు_09 | 23 జూలై

గేమ్స్ అన్నీ ఉన్న లింక్ ఎవరైనా పెట్టండి సార్.

వేదిక_నిర్వాహకుడు | 23 జూలై

లింకులు పెట్టకండి, పెడితే తీసేస్తాం. పాత గేమైనా హక్కులు కంపెనీ దగ్గరే ఉంటాయి. మేమ్ (పాత ఆర్కేడ్ గేములు కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రామ్) అధికారిక సైట్‌లో, యజమానులు అనుమతి ఇచ్చిన కొన్ని గేములు సొంతానికి ఆడుకోవడానికి ఉచితంగా ఉన్నాయి, రాబీ రోటో, గ్రిడ్లీ లాంటివి. స్ట్రీట్ ఫైటర్ 2 కావాలంటే క్యాప్‌కామ్ ఆర్కేడ్ స్టేడియం అనే గేముల కట్ట స్టీమ్ ఆన్‌లైన్ దుకాణంలో కొనుక్కోవచ్చు, 2021లో వచ్చింది. దానికి పై కాదు, కంప్యూటర్ కావాలి.

తెనాలి_తమ్ముడు | 23 జూలై

కేబుల్ అన్నా, అయితే మూలనున్న ఐ3 నే దింపాలన్నమాట. మరి ముస్తఫా?

సాల్డర్_పొగ | 23 జూలై

అది ఆ కట్టలో లేదు. 2018లో క్యాప్‌కామ్ తన కొట్లాట గేములు ఏడింటిని కట్టగట్టి అమ్మినప్పుడూ లేదు. కామిక్ పుస్తకం హక్కులతో తీసిన గేమ్ కదా, మళ్ళీ రాలేదు. షాపు పెట్టెల్లో ఉండే అసలు గేమ్ బోర్డు కొనొచ్చు. దాన్ని పెట్టెకు తగిలించేది జామా అని 56 పిన్నుల కనెక్టర్, 1985 నుంచి ఉన్న పద్ధతి. కానీ ఆ బోర్డులో ఒక బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే గేమ్ కోడ్ విప్పే లోపలి తాళంచెవి చెరిగిపోయి బోర్డు చచ్చిపోతుంది. బ్యాటరీ సంగతి తెలియకుండా సెకండ్‌హ్యాండ్‌లో కొనకు.

ముస్తఫా_మామ | 23 జూలై

ఈ పోస్టు చదివి మా ఇంట్లో భోజనం చేయలేదు ఎవరూ.

తెనాలి_తమ్ముడు | 18 ఆగస్టు

పెట్టె నిలబడింది. పైన అక్రిలిక్ మీద ఫ్లెక్సీ షాపులో వేయించిన స్టిక్కరు, వెనక 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ. కింది పెట్టె, పై పెట్టె వేరువేరుగా లిఫ్టులో వెళ్ళాయి పంతులుగారూ. ఒకటే అయితే 31 అంగుళాల తలుపులో పట్టేదే, కానీ లోపల నిలువుగా తిప్పడానికి చోటు లేదు. ఖర్చు 25 అనుకున్నది 28,400 అయింది, అందులో రెండో మైకా నా తెలివికి పడిన జరిమానా.

చివరిది, కాయిన్ డబ్బా. బటన్ నొక్కితే వచ్చేదానికి రూపాయి వేసినంత మజా లేదు. నాణేలు పట్టే మిషన్ కొన్నా, బిగించా, 12 వోల్టులు ఇచ్చా, రూపాయి మింగుతోంది గానీ క్రెడిట్ రావట్లేదు.

సాల్డర్_పొగ | 18 ఆగస్టు

దాని గ్రౌండు (నెగటివ్ వైరు), నీ యూఎస్‌బీ బోర్డు గ్రౌండు కలిపావా? కలపకపోతే సిగ్నల్‌కు తిరుగుదారి లేదు. కలిపే ముందు మీటరుతో చూడు, సిగ్నల్ వైరులో 12 వోల్టులు ఉంటే నాకు చెప్పు, నేరుగా బోర్డుకు ఇవ్వకు. పక్కన ఎన్ఓ (మామూలుగా తెరిచి ఉండేది), ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండేది) అని చిన్న స్విచ్ ఉంటుంది, ఎన్ఓలో ఉండాలి. ఇంకోటి ఫాస్ట్, మీడియం, స్లో. స్లోలో పెట్టు. సిగ్నల్ మరీ పొట్టిదైతే గేమ్ గమనించదు.

విశాఖ_అల | 19 ఆగస్టు

మిషన్‌కు ఏ రూపాయిని గుర్తుపట్టడం నేర్పిస్తారో ముందే తేల్చుకోండి. మన దగ్గర రూపాయి అంటే ఒక్కటి కాదు. 1992 నాటిది 25 ఎంఎం, 2011 తర్వాతది 22కి కొంచెం తక్కువ, 2019ది 20. మిషన్‌కు అవి మూడు వేరే దేశాలు.

తెనాలి_తమ్ముడు | 25 ఆగస్టు

గ్రౌండు, స్లో, రెండూ చేశాక పలికింది. ఆ "టంగ్" శబ్దానికి మా ఆవిడ కూడా వంటింట్లోంచి తొంగిచూసింది.

మా నాన్న డబ్బాలో పాత పెద్ద రూపాయలు ముప్పై దాకా దొరికాయి. వాటినే నేర్పించా. నిన్న పక్కింటి పిల్లాడు వచ్చి రెండు రూపాయల బిళ్ళ వేశాడు, 2011లో వచ్చిన డిజైను. పట్టేసింది! తీసి పక్కపక్కన పెట్టి చూస్తే వెడల్పు ఒకటే, వంటింటి త్రాసు మీద తూకమూ ఒకటే. ఒకటే క్రెడిట్ ఇచ్చింది. వాడు అరగంట ఆడి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "అంకుల్, మిగతా రూపాయి?" అన్నాడు.

ముస్తఫా_మామ | 25 ఆగస్టు

మా షాపు ఓనరైతే "చిల్లర లేదు, ఇంకో గేమ్ ఆడు" అనేవాడు.